మూడో యాంప్లిఫయరు

తొంభైల మొదట్లో నేను ఉదయగిరిలో అద్దె ఇంట్లో ఉంటూ, దగ్గర పల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేసేవాణ్ణి. ఆదివారాలు మందిరంలో గిటారు వాయించేవాణ్ణి. తాతల నాటి నుంచి మేం బాప్టిస్టులం. మా మందిరంలో పాటకు హార్మోనియం, డోలక్, తాళాలే అలవాటు. గిటారు తెచ్చింది నేనే. నెల్లూరులో ఆర్కెస్ట్రా మానేసి ఫొటో స్టూడియో పెట్టుకున్న ఒకాయన తన పాత ఎలక్ట్రిక్ గిటారు అమ్ముతుంటే కొన్నాను.

ఇంటికి తెచ్చాక గానీ తెలియలేదు, అది ఒంటరిగా పలికేది కాదని. లోపల డొల్ల లేదు, అంతా గట్టి చెక్కే. తీగ మీటితే దోమ పాడినంత శబ్దం. మందిరం మైకు సెట్టుకు తగిలించి చూశాను. రేకు డబ్బా మీద చిల్లర పోసినట్టు వచ్చింది. మైకు సెట్టు అతను నా ముఖం చూసి నవ్వాడు.

"ఇది మాటలకు చేసిన మిషను సార్. గిటారుకు పనికి రాదు. ఆత్మకూరులో భాయ్ ఉండాడు. ఆయన్ని అడగండి, ఏదో ఒకటి చేసిస్తాడు."

అలా నేను భాయ్ దగ్గరికి వెళ్ళాను. ఆత్మకూరు బస్టాండు వెనక సందులో ఆయన దుకాణం. ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటు ఉండదు. నలభై దాటిన మనిషి, సన్నగా ఉండేవాడు. చిన్నప్పుడు వాళ్ళ నాయనతో మైకు సెట్లు మోసుకుని తిరిగి, హారన్ల పక్కనే నిలబడి, ఎడమ చెవి సగం పోగొట్టుకున్నాడు. అందుకని స్పీకరు బాగా పలుకుతుందో లేదో చూడాలంటే దాని కాగితపు డిప్ప మీద రెండు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకునేవాడు. మేం చెవులతో వినే తేడా ఆయన వేళ్ళతో చెప్పేవాడు.

ఆ రోజుల్లో ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లు వచ్చి, పాత వాల్వు సెట్లన్నీ తూకానికి పోతున్నాయి. భాయ్ వాటిని కొని విప్పేసి, వాల్వులన్నీ పాత దినపత్రికల్లో చుట్టి పెట్టుకునేవాడు. గాజు బుడ్డి లోపల ఎర్రగా వెలిగే వాల్వు అంటే ఆయనకు ప్రాణం.

"ట్రాన్సిస్టరుకు ఎక్కువ పెడితే పగిలిపోతాది. వాల్వుకు ఎక్కువ పెడితే గొంతు పెంచుతాది. నీ గిటారుకు ఇదే కావాల" అన్నాడు.

మొదటి యాంప్లిఫయరు ఆయన ఒక పాత మైకు సెట్టు పెట్టెలోనే చేసి ఇచ్చాడు. రెండు పెద్ద వాల్వులు, ఒక చిన్న వాల్వు. మీట తిప్పితే నిదానంగా, గుండ్రంగా పలికేది. మెల్లగా వాయిస్తే నీళ్ళ కుండ మీద తట్టినట్టు ఉండేది. పూర్తిగా తిప్పితే శబ్దం అంచుల్లో కాస్త చిరిగేది, అంతే. మందిరంలో పెద్దలకు అది నచ్చింది. నాకూ నచ్చింది.

ఒక తంటా మాత్రం ఉండేది. తడి చేత్తో తీగలు పట్టుకుంటే చురుక్కుమనేది. భాయ్‌తో చెప్తే ఆయన ముఖం మారిపోయింది. పెట్టెను వెంటనే బోర్లించి, కరెంటు తీగకూ ఇనుప పెట్టెకూ మధ్యనున్న చిన్న కండెన్సరును కత్తిరించి నా చేతిలో పెట్టాడు.

"పాతకాలం కంపెనీవాళ్ళు మోత తగ్గాలని ఇది పెట్టేవాళ్ళు. నేను చూసుకోలా. ఇది చెడిపోతే కరెంటు నేరుగా నీ గిటారు తీగల్లోకి వస్తాది. మోత ఉంటే ఉండనీ సార్. మోతకు మనిషి చావడు."

ఆ తర్వాత ఆయన ప్రతిసారీ గిటారు ఎవరి చేతికైనా ఇచ్చే ముందు టెస్టరు తీసి ఒక్కో తీగ మీదా ఆనించి, దీపం వెలగలేదని చూసుకునేవాడు. అది నేను చాలాసార్లు చూశాను. చూసి కూడా నేర్చుకోలేదు.

*

రెండో యాంప్లిఫయరు కావాలని అడిగింది నేను కాదు, మా బావమరిది. నా భార్యకు ఒక్కడే తమ్ముడు. వాళ్ళది సీతారామపురం మండలంలో కొండ కింద పల్లె. వాన పడితే కంది, ఆముదం, లేకపోతే వలస. ఇంటర్ తప్పి, వింజమూరులో ఒక బట్టల దుకాణంలో చేరాడు. ఆదివారం వస్తే మొదటి బస్సుకు ఉదయగిరి దిగేవాడు. మంచి గొంతు. రెండేళ్ళు నా దగ్గర గిటారు నేర్చుకుని మూడో ఏడు నాకంటే బాగా వాయించసాగాడు. అది చెప్పడానికి నాకు కష్టంగా ఉండేది కాదు. వాడు వాయిస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి గడపలో కూర్చునేది.

వాడు దుకాణంలో ఎవరి దగ్గరో ఒక క్యాసెట్టు సంపాదించాడు. అందులో గిటారు గిటారులా లేదు. అరుస్తోంది, గర్జిస్తోంది, ఒక్క తీగ మీటితే ఊపిరి ఆగేదాకా సాగుతోంది.

"బావా, మన దాంట్లో ఇది రాదా?"

"మందిరంలో ఆ అరుపులేందిరా? పాస్టరు అయ్యగారు బయటికి పంపిస్తాడు."

"పంపిస్తే పంపిస్తాడు. అరవాల బావా. ఏడుపు పాటకు గిటారు ఏడవాల గదా, ఊరికే టింగుటింగుమంటే ఎట్టా?"

ఇద్దరం ఆత్మకూరు వెళ్ళాం. భాయ్ ఆ క్యాసెట్టు పెట్టి స్పీకరు మీద వేళ్ళు ఆనించి చాలాసేపు విన్నాడు. ఆయనకు అర్థమైంది. ఒక చిన్న వాల్వు నుంచి వచ్చిన శబ్దాన్ని ఇంకో చిన్న వాల్వులోకి పంపాలి. అది మోయలేనంత ఇస్తే అది చిరిగి, ఈ అరుపు వస్తుంది. దాన్ని గెయిన్ అంటారని ఆయన చెప్పాడు.

రెండో పెట్టెలో ఆయన అదే చేశాడు. పాతదాని మీద ఒక్క చిన్న వాల్వు ఎక్కువ, అంతే తేడా. ఆ ఒక్కదానితో అది వేరే జంతువు అయిపోయింది. ఈసారి త్రీపిన్ ప్లగ్గు పెట్టాడు. అందులో పైనున్న లావు పిన్ను ఎర్త్‌ది. అది ఇనుప పెట్టెను ఆకుపచ్చ తీగతో భూమికి కలుపుతుంది. లోపల ఎక్కడైనా కరెంటు తీగ పెట్టెకు తగిలినా ఆ కరెంటు భూమిలోకి పోయి ఫ్యూజు కాలిపోతుంది గానీ మనిషి మీదికి రాదు. కరెంటు తీగ పెట్టెలోకి దూరే రంధ్రానికి నల్లటి రబ్బరు బుష్ కూడా తొడిగాడు, రేకు అంచుకు తీగ కోసుకోకుండా.

అయితే ఆ రెండోదానితో చిక్కేమిటంటే, అరుపు రావాలంటే శబ్దం పూర్తిగా పెంచాల్సిందే. పెంచితే మందిరం రేకులు అదిరేవి. ఒక ఆదివారం ముందు వరసలో ముసలమ్మ చెవులు మూసుకుని లేచి బయటికి పోయింది. వాయించడం ఆపితే అదే ఈల వేసేది. పెద్దలు నన్ను పిలిచి, నెమ్మదిగానే, ఆ మిషను మందిరంలోకి వద్దన్నారు.

మూడోది అందుకే పుట్టింది. భాయ్ దాని మీద దాదాపు ఏడాది కూర్చున్నాడు. కొత్త రేకు వంచి చిన్న పెట్టె చేయించాడు. గెయినుకు ఒక మీట, మొత్తం శబ్దానికి వేరే మీట పెట్టాడు. ఇప్పుడు గర్జనను తక్కువ శబ్దంలోనే తెప్పించుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు కాయిలు వాళ్ళావిడ ఇంట్లో కూర్చుని చుట్ల లెక్క తప్పకుండా చుట్టింది. ఇచ్చిన రోజు భాయ్ మా బావమరిది చేతికి గిటారు ఇచ్చి, టెస్టరు పెట్టి చూసి, "వాయించు నాయనా" అన్నాడు. వాడు వాయించాడు. సన్నగా మొదలై పెద్దగా సాగి, ఏడ్చినట్టే వచ్చింది. భాయ్ స్పీకరు మీద వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కళ్ళల్లో నీళ్ళు.

"ఇంక నాలుగోది లేదు. ఇదే" అన్నాడు.

*

మూడోదానికీ ఒక లోపం ఉండేది. విడిగా వాయిస్తే నిశ్శబ్దంగా ఉండేది. మందిరం మైకు సెట్టుకు కలిపితే మాత్రం గుంయ్ మని మోత. భాయ్‌కి చెప్తే రెండుసార్లు తెప్పించుకుని తీగలు మార్చి ఇచ్చాడు. మోత తగ్గలేదు. ఎర్త్ రెండు దారుల్లో కలవడం వల్ల వస్తోందని, మైకు సెట్టుకు కలిపే చోట ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెడితే పోతుందని, అది మద్రాసు నుంచి తెప్పిస్తానని చెప్పాడు.

ఆ మధ్యలో కావలిలో ఒక పెళ్ళికి వెళ్తే ఆర్కెస్ట్రా గిటారు అతను కనిపించాడు. అతనికి ఈ మోత సంగతి చెప్పాను.

"ఎర్త్ పీకేయండి. మేమందరం అట్నే చేస్తాం" అన్నాడు.

ఇంటికి వచ్చి ప్లగ్గు విప్పి, ఆకుపచ్చ తీగను పిన్ను నుంచి ఊడదీసి, కొస మడిచి లోపలే పెట్టి, మూత బిగించాను. రెండు నిమిషాల పని. మోత టక్కున పోయింది. మా బావమరిది ఎగిరి గంతేశాడు. వాడికి నేను ఏం చేశానో చెప్పలేదు. వాడు అడగనూ లేదు.

తర్వాత ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోతూ భాయ్‌ని పలకరించాను. ఆయన మొదట అడిగింది అదే.

"మోత ఎట్టుండాది సార్?"

"లేదు భాయ్. శుభ్రంగా ఉండాది."

"పోయిందా! నేను పోయినసారి ఆ తీగ అటుపక్కకు జరిపినాను గదా, దాంతోనే పోయుంటాది. ఆ ట్రాన్స్‌ఫార్మరు అక్కర్లా అయితే."

అక్కర్లేదన్నాను. నిజం చెప్తే తిడతాడని ఒక భయం. ఆయన సంతోషం చెడగొట్టడం దేనికని ఒక సాకు. ఆయన ఆ రోజు నాకు డబుల్ టీ చెప్పి, బస్సు దాకా వచ్చి ఎక్కించాడు.

అలా సంవత్సరం పైన గడిచింది. ఆ పెట్టె బస్సుల టాపుల మీద, ఎడ్లబండ్ల మీద, ట్రాక్టర్ల మీద తిరిగింది. కొండాపురం, వింజమూరు, సీతారామపురం. ఎక్కడ ప్రార్థన కూటాలైనా మమ్మల్ని పిలిచేవాళ్ళు. మా బావమరిదిని చూడ్డానికే కుర్రకారు వచ్చేది.

*

వాడి సొంత ఊరి పక్క పల్లెలోనే కొత్త మందిరం కట్టారు. ప్రతిష్ఠకు మమ్మల్ని పిలిచారు. ముందు రోజు వాన పడింది. పొద్దున మేం చేరేసరికి మందిరం ముందు పందిరి వేసి, కింద చాపలు పరిచి ఉన్నాయి. చాపలు తడిసి ఉన్నాయి. మైకు స్టాండు కాళ్ళు చాప దాటి బురద నేలలో దిగబడి ఉన్నాయి. ఇవన్నీ నేను చూశాను. చూసిన దానికి అర్థం తోచలేదు.

మామ, అంటే నా భార్య తండ్రి, ఆ పక్క మందిరాలకు పెద్ద. ఆయన తెల్లపంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఆ పక్కన ఆడవాళ్ళలో నా భార్య. రెండు పాటలు నేను వాయించాను, దూరంగా, పొడి బల్ల మీద కూర్చుని. మూడో పాట మా బావమరిది తనే కట్టుకున్నది. తనే పాడుతూ తనే వాయించాలన్నాడు. చెప్పులు విడిచి చాప మీదికి వెళ్ళాడు. గిటారు పట్టా మెడలో వేసుకుని నా వైపు తిరిగి, "బావా, గెయిన్ కొంచెం పెంచు" అన్నాడు.

నేను వంగి మీట తిప్పాను. తల ఎత్తేసరికి వాడు పాడబోతూ మైకు దగ్గరికి పెదవులు తెచ్చాడు.

పాట రాలేదు. ఒక మూలుగు వచ్చింది. ఒళ్ళంతా బిగుసుకుపోయింది. ఎడమ చెయ్యి తీగల మీద, కుడి చెయ్యి మైకు స్టాండు మీద. స్టాండుతో సహా పక్కకు ఒరిగాడు. స్పీకర్లో భరించలేని గర్జన. ఆ గర్జన పాటలో భాగమనుకుని కొందరు చప్పట్లు కొట్టారు. ఒక పిలగాడు పరిగెత్తి వాణ్ణి పట్టుకోబోయి విసురుగా వెనక్కి పడ్డాడు. అప్పుడు నాకు అర్థమైంది. ప్లగ్గును తీగ పట్టుకుని లాగేశాను.

ఉదయగిరి ఆసుపత్రికి జీపులో తీసుకుపోయాం. దారి పొడుగునా నా భార్య వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఛాతీ రుద్దుతూనే ఉంది. కొండ మలుపులు దిగకముందే వాడు పోయాడని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. ఇరవై మూడేళ్ళు వాడికి.

*

శవాన్ని పంచనామా కోసం ఆసుపత్రిలోనే ఉంచారు. మధ్యాహ్నానికి మైకు సెట్టు అతను సామానంతా తెచ్చి మా ఇంటి వెనక గదిలో దించాడు. ఇల్లు నిండా ఆడవాళ్ళ ఏడుపు. బయట ఎవరో అంటున్నారు, పోలీసులు వచ్చి ఆ మిషను తీసుకుపోతారని.

నేను వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేశాను. స్క్రూడ్రైవరు తీసి ప్లగ్గు విప్పాను. ఆకుపచ్చ తీగ నేను మడిచి పెట్టినట్టే ఉంది. దాన్ని సాపు చేసి పిన్నుకు చుట్టి బిగించాను. మూత వేశాను. నా చేతులు వణకలేదు. ఇప్పటికీ నేను తలుచుకుని భయపడేది ఆ వణకకపోవడాన్నే.

సాయంత్రం హెడ్డు కానిస్టేబులు ఒక ఎలక్ట్రీషియన్‌ని తీసుకొచ్చి చూపించాడు. అతను ప్లగ్గు విప్పాడు, పెట్టె విప్పాడు.

"ఎర్త్ ఇచ్చే ఉండాది. ఆ ఊళ్ళో ఎర్త్ సరిగా లేదేమో. లోపల కరెంటు తీగ రేకుకు కోసుకుని బాడీకి తగిలింది. చేసినోడి తప్పు" అన్నాడు.

ఆ ఊళ్ళో ఎర్త్ ఉంది. కొత్త మందిరానికని పైపు దించి ఉప్పూ బొగ్గూ పోసి రెండు వారాలే అయింది. తర్వాత ఎవరో మాటల్లో చెప్తే విన్నాను. పచ్చ తీగ తన చోట ఉండి ఉంటే, ప్లగ్గు పెట్టగానే ఫ్యూజు పోయి, మేం కాసేపు విసుక్కుని, గిటారు లేకుండా పాడుకుని ఇంటికి వచ్చేవాళ్ళం.

"ఎవరు చేసింది ఇది?" అని హెడ్డు అడిగాడు. నేను చెప్పాను.

సమాధి చేసిన మూడో రోజు మామ, వాళ్ళ అన్నదమ్ముల్లో ఇద్దరు, కానిస్టేబులు ఒకతను, నేను ఆత్మకూరు వెళ్ళాం. పెట్టె కూడా మాతోనే ఉంది. భాయ్‌కి సంగతి అప్పటికే చేరింది. దుకాణంలో నిలబడి ఉన్నాడు, మా కోసమే అన్నట్టు.

"నేను ఎర్త్ ఇచ్చినాను పెద్దాయనా. నా పిల్లల మీద ఒట్టు. ప్లగ్గు విప్పి చూడండి" అన్నాడు మామతో.

"చూసినారయ్యా. ఉండాది. ఉండి ఏం లాభం? నా కొడుకు పోయినాడు గదా" అన్నాడు మామ.

భాయ్ ప్లగ్గు అడిగి తీసుకుని విప్పాడు. ఆయన ఏ తీగ కలిపినా పోగులన్నీ ఒకటిగా మెలిపెట్టి, కొసకు సీసం పూసి, కొక్కెంలా వంచి స్క్రూ కింద పెట్టేవాడు. అక్కడ ఉన్నది అది కాదు. సీసం ఊడి, పోగులు విచ్చుకుని, అడ్డదిడ్డంగా చుట్టిన ముడి. ఆయన దాన్ని చూశాడు. తర్వాత తల ఎత్తి నన్ను చూశాడు.

నేను చూపు తిప్పుకోలేదు. తిప్పుకోవాలని కూడా తోచలేదు. ఇప్పుడు చెప్పేస్తాడు అనుకున్నాను.

ఆయన ప్లగ్గు పక్కన పెట్టాడు. పెట్టె వెనక రేకు విప్పాడు. కరెంటు తీగ దూరే రంధ్రానికి రబ్బరు బుష్ లేదు. ఒట్టి రేకు అంచు. అక్కడే తీగ తొక్క కోసుకుపోయి రాగి కనిపిస్తోంది. ఆయన ఆ రంధ్రం మీద వేలు పెట్టి చాలాసేపు ఉన్నాడు.

"ఇది నాదే తప్పు" అన్నాడు.

మామ ఆయన చెంప మీద కొట్టాడు. జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి. అన్నదమ్ముల్లో ఒకాయన బల్ల మీదున్నవన్నీ చేత్తో ఊడ్చేశాడు. కాగితాల్లో చుట్టిన వాల్వులు కిందపడి టప్‌టప్‌మని పగిలాయి. సందులోంచి భాయ్ భార్య పరిగెత్తుకొచ్చి గాజు ముక్కల మధ్య నిలబడి, "కొట్టొద్దండీ, కొట్టొద్దండీ" అంటూ అందరికీ చేతులు జోడించింది. నాకూ జోడించింది.

ఆయన్ని రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. కేసు ఏమీ నిలబడలేదు. కానీ ఆత్మకూరులో ఎవరూ ఆయనకు ఇంక మిషన్లు ఇవ్వలేదు. నెల తిరక్కముందే దుకాణం మూసి, కుటుంబంతో బద్వేలు వెళ్ళిపోయాడని తెలిసింది.

*

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన చేసుకునే అలవాటు. ఒక రోజు నేను చేస్తే ఒక రోజు ఆమె. తమ్ముడు పోయాక ఆమె ప్రార్థనలో ఒక మాట చేరింది. "ఆ భాయ్‌ని క్షమించే మనసు నాకియ్యి ప్రభువా." ఆమె ఆ మాట అనేది, నేను ఆమేన్ అనేవాణ్ణి. తొమ్మిది, పది నెలలు అన్నాను.

ఒక సాయంత్రం ఆమె ఆ మాట అని ఆగింది. నేను ఆమేన్ అనలేకపోయాను. ఆమె కళ్ళు తెరిచింది.

"ఏందయ్యా, ఒంట్లో బాగలేదా?"

అప్పుడు చెప్పాను. మొదటి నుంచి చెప్పాను. ప్లగ్గు, ఆకుపచ్చ తీగ, "మోత లేదు భాయ్" అన్న మాట, వెనక గది, స్క్రూడ్రైవరు. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఏడవలేదు. అంతా అయ్యాక అడిగింది.

"మొదట తీసినప్పుడు, ఇట్టా అవుతాదని తెలుసా నీకు?"

"తెలవదు. భాయ్ చెప్పినాడు గానీ, మనకవుతాదని అనుకోలా."

"మళ్ళా కలిపినప్పుడు?"

నా కళ్ళు వెనక గది తలుపు మీదికి పోయాయి.

"అది తెలవక చేసినావు. ఇది తెలిసి చేసినావు" అంది. లేచి లోపలికి వెళ్ళి పడుకుంది. గది తలుపు వెయ్యలేదు. నన్ను రమ్మనీ అనలేదు. తెల్లారాక అన్నం కట్టి క్యారేజీ చేతికిస్తూ ఒకే మాట చెప్పింది. "మా నాయనకు నువ్వే చెప్పాల. నేను చెప్పను."

ఆ శనివారం సీతారామపురం బస్సెక్కాను. మామ ఇంటి ముందు కూర్చుని ఆముదం కాయలు ఒలుస్తున్నాడు. నేను నిలబడే చెప్పాను. ఆయన ఒలవడం ఆపలేదు. ఎండు కాయ చిట్లుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. చివరికి ఆయన నన్ను తిట్టలేదు, కొట్టలేదు.

"ఆ మనిషిని కొట్టినాను గదరా నేను" అన్నాడు. ఇంకో కాయ తీసుకుని మళ్ళీ అన్నాడు, "నీ ముందరే కొట్టినాను. చూస్తా నిలబడినావు."

బద్వేలు తీసుకుపొమ్మన్నాడు. వెళ్ళాం. మూడు చోట్ల అడిగితే భాయ్ దొరికాడు. బోరుబావి మోటర్లకు కాయిలు చుట్టే షెడ్డులో కూలికి పనిచేస్తున్నాడు. వాల్వులు లేవు, స్పీకర్లు లేవు. మామను చూడగానే లేచి నిలబడ్డాడు. మామ ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. తల వంచి ఆ చేతుల మీద నుదురు ఆనించాడు. భాయ్ కంగారుగా ఆయన్ని పట్టుకుని, స్టూలు లాగి కూర్చోబెట్టాడు.

"మీరు కొట్టింది నాకు గుర్తు కూడా లేదు పెద్దాయనా. కొడుకును పోగొట్టుకున్నోళ్ళు. బుష్ వేయలేదు నేను. రెండోదానికి వేసినాను, మూడోదానికి కొలతది దొరక్క తర్వాత వేద్దాంలే అనుకుని మరిచినాను. అది నేను దేవుడికి చెప్పుకోవాల."

అప్పుడు నేను అడిగాను. "ఆ రోజు ముడి చూసినావు గదా భాయ్. ఎందుకు చెప్పలేదు?"

ఆయన నా వైపు మొదటిసారి తిరిగాడు.

"నా తప్పు నేను చెప్పినాను. నీ తప్పు నువ్వు చెప్తావని చూసినాను. అంత సేపూ చూసినాను సార్. ఎర్త్ పీకేసినాడని నేను అంటే, చావు ఇంటి మనిషి మీద నెట్టి తప్పించుకుంటన్నాడు అంటారు. నువ్వు చెప్తేనే అది మాట."

నేను నేల చూశాను.

"ఇంకోటి. మోత లేదు భాయ్ అన్నావు చూడు. ఆ రోజు ఇంటికిపోయి మా ఆమెతో చెప్పినాను. ఇన్నేళ్ళ పనిలో ఇదొక్కటి మచ్చ లేకుండా కుదిరిందే అని చెప్పినాను. దువా చేసింది ఆమె." ఆయన గొంతు ఎక్కడా పెరగలేదు. "ఇంక నువ్వు రావద్దు. పెద్దాయన ఎప్పుడొచ్చినా రావచ్చు."

షెడ్డు ముందు బంకులోంచి రెండు టీలు తెప్పించాడు. ఒకటి మామకు ఇచ్చి, ఒకటి తను తాగాడు.

తర్వాత ఆదివారం మా మందిరంలో ఆరాధన అయ్యాక అయ్యగారి అనుమతి అడిగి లేచి నిలబడ్డాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. అయ్యగారు ప్రార్థన చేశారు. కొందరు వచ్చి భుజం తట్టారు. కొందరు ఇప్పటికీ నాతో మాట్లాడరు. స్టేషనుకు కూడా వెళ్ళి చెప్పాను. ఆ హెడ్డు బదిలీ అయిపోయాడు. ఉన్న ఎస్సై అంతా విని, కాగితాలు మూసేసిన కేసని, ఇంటికి పొమ్మన్నాడు. శిక్ష పడితే బాగుండునని అప్పుడు అనిపించింది. అలా అనిపించడం కూడా ఒక రకంగా తప్పించుకోవడమేనని తర్వాత తెలిసింది.

మా ఆవిడ నన్ను వదిలి వెళ్ళలేదు. వండి పెట్టింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది, తర్వాత రెండేళ్ళకు పాప పుట్టింది. సాయంత్రం ప్రార్థన మాత్రం విడివిడిగా చేసుకోవడం మొదలుపెట్టాం. ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తు లేదు.

మామ బతికినన్నాళ్ళూ మా ఇంటికి వచ్చిపోయేవాడు. నాతో వానల సంగతి, కంది ధర సంగతి మాట్లాడేవాడు. కొడుకు మాట ఆయన కూతురితో ఎత్తేవాడు. వాడు చిన్నప్పుడు ఏం చేశాడో, ఎలా పాడేవాడో ఇద్దరూ చెప్పుకుని ఒక్కోసారి నవ్వుకునేవాళ్ళు కూడా. బయట నుంచి నాకు వినపడేది. నేను లోపలికి అడుగు పెట్టేసరికి ఆపేసేవాళ్ళు. అందుకని చెప్పులు విడిచాక నేను కాసేపు వసారాలోనే కూర్చునేవాణ్ణి.